అప్పగించినది ఎవరు?



కొన్ని సంవత్సరముల క్రిందట శుభ శుక్రవారపు ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్ల మీద ఒక ముసలమ్మ నన్ను ఆపి, "అయ్యగారూ, మన యేసయ్యను చంపిన ఆ యూదులు ఇంకా లోకంలో ఉన్నారా?" అని అడిగెను. ఉన్నారని చెప్పితిని. "దేవుడు వాళ్లను ఇంకా ఎట్లా ఉండనిచ్చాడో!" అని ఆమె నిట్టూర్చెను. అప్పుడు నేను, "అమ్మా, మరియమ్మ ఎవరు?" అంటిని. "యేసయ్య తల్లి గదా" అనెను. "ఆ తల్లి యూదురాలే. పేతురు, యోహాను, పౌలు, వీరందరూ యూదులే. యేసయ్య కూడా యూదుడే" అంటిని. ఆమె కొంచెము సేపు నా ముఖము వైపు చూచి, "మరి ఇప్పటిదాకా లోపల మీరు చెప్పింది ఏమిటండీ?" అనెను.

ఆ ప్రశ్నకు ఆ దినమున నాయొద్ద జవాబు లేదు. మూడు గంటల ఆరాధనలో యూదులు, యూదులు అని నేనెన్నిసార్లు పలికితినో నాకే తెలియదు. ఈ వ్యాసము ఆ తల్లికి ఆలస్యముగా వచ్చిన జవాబు అనుకొనుడి.

మన పల్లెలలో పెండ్లి ముగియు వేళ జరుగు అప్పగింతలను మీరందరు చూచియున్నారు. అంతవరకు నవ్వుచు తిరిగిన తండ్రి, కుమార్తె చేతిని అల్లుని చేతిలో పెట్టు సమయమున నోట మాట రాక నిలిచిపోవును. పందిటిలో కన్ను చెమర్చనివారుండరు. అప్పగించుట అను మాటలో అంత బరువున్నది. మన తెలుగు బైబిలులో ప్రభువు శ్రమల చరిత్ర ఈ ఒక్క మాట చుట్టు తిరుగుచున్నది. యూదా ఆయనను యాజకులకు అప్పగించెను. యాజకులు పిలాతునకు అప్పగించిరి. పిలాతు సిలువ వేయుటకు అప్పగించెను. సువార్తలు మొదట వ్రాయబడిన గ్రీకు భాషలోను ఈ మూడు చోట్ల ఒకే క్రియాపదమున్నది. పరదిదోమి అనునది ఆ పదము. చేతులు మారిన కొలది ఒక నిరపరాధి మరణమునకు దగ్గరయగుచు వచ్చెను. ప్రతి చేయి, తప్పు తన తరువాతి చేతిదే అనుకొనెను. ఇందులో ఎవరు ఏమి చేసిరో, ఎందుకు చేసిరో చరిత్ర వెలుగులో నెమ్మదిగా చూతము.

ముందుగా ఒక చిక్కు విప్పవలెను. మన భాషలో గోత్రము యూదా, దేశము యూదయ, జనులు యూదులు, ప్రభువును అప్పగించిన శిష్యుడును యూదా. చదువురాని విశ్వాసి చెవికి ఇవన్నియు ఒకటే. ఆ ఒక్కడు ఆ జనమంతటికి గురుతు అని తోచును. గాని ఆ కాలమున అది ఎందరికో పెట్టుకొనిన పేరు. స్తుతి అను అర్థము గల పేరు. పండ్రెండుమంది శిష్యులలోనే ఆ పేరు గలవారు ఇద్దరు. ప్రభువు సహోదరులలో ఒకనికిని అదే పేరు. ప్రభువు తానే యూదా గోత్రమున పుట్టెను. పేరునుబట్టి తీర్పు చెప్పువాడు తన రక్షకునికే తీర్పు చెప్పుచున్నాడు.

యాజకుని కుర్చీ

ప్రధానయాజకత్వము అహరోను సంతతివారికి దేవుడిచ్చిన పని. అది జీవితాంతము నిలుచు పదవి. గాని ప్రభువు దినములకు అది రోమావారి చేతి వస్తువైపోయెను. హేరోదు రాజు కాలము మొదలుకొని క్రీ.శ. 70లో దేవాలయము పడిపోవువరకు 107 సంవత్సరములలో 28 మంది ప్రధానయాజకులు మారిరని యూదుల చరిత్రకారుడైన జోసీఫసు లెక్కించెను. సగటున ఒక్కొక్కనికి నాలుగేండ్లయినను దక్కలేదు. ఇష్టమైనవానిని కూర్చుండబెట్టుట, ఇష్టము తీరినప్పుడు దింపుట అధిపతుల పని.

సువార్తలో అన్న అని పిలువబడినవానిని క్రీ.శ. 6లో కురేనియు ఆ పదవిలో నియమించెను. క్రీ.శ. 15లో వలేరియు గ్రాతు అను అధిపతి అతనిని దింపెను. దిగినను అతని పలుకుబడి దిగలేదు. అతని కుమారులు అయిదుగురు ఒకరి తరువాత ఒకరు ప్రధానయాజకులైరి. అల్లుడు కయప క్రీ.శ. 18 ప్రాంతమున ఆ పదవికి వచ్చి, దాదాపు 18 సంవత్సరములు నిలిచెను. ఆ కాలమున అంత దీర్ఘముగా ఎవరును నిలువలేదు. ప్రభువును పట్టుకొన్న రాత్రి మొదట అన్న యొద్దకు తీసికొనిపోయిరని యోహాను ఎందుకు వ్రాసెనో ఇప్పుడు మీకు తెలిసియుండును. పదవి అల్లునిది; ఇల్లు మామది.

ఇంకొక సంగతి వినుడి. ప్రధానయాజకుడు పండుగలయందు ధరించు ప్రతిష్ఠిత వస్త్రములను రోమావారు దేవాలయము ప్రక్కనున్న అంతోనియా కోటలో తాళము వేసి ఉంచెడివారు. పండుగకు ముందు ఇచ్చి, పండుగ తరువాత మరల తీసికొనెడివారు. దేవుని సన్నిధికి వెళ్లవలసినవాడు తన అంగీకొరకు అన్యుల సేనాపతి వాకిట నిలువవలెను! అట్టి స్థితిలో 18 ఏండ్లు పదవిలో నిలిచినవాడు అధికారుల మనస్సు కనిపెట్టుటలో ఎంత నేర్పరియైయుండవలెనో ఆలోచించుడి. అందులో పదియేండ్లు అతడు పొంతి పిలాతుతో కలిసి నడిచెను. పిలాతు క్రీ.శ. 26 మొదలు 36 వరకు అధిపతిగా నుండెను. 1961లో కైసరయ శిథిలములలో, నాటకశాల మెట్టుగా వాడబడిన ఒక రాతి మీద పిలాతు పేరు చెక్కబడియుండగా త్రవ్వకపువారు చూచిరి.

కయప లెక్క

లాజరు సమాధిలోనుండి లేచిన తరువాత మహాసభ కూడెనని యోహాను సువార్త 11వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ సభలోని భయము ఇది: ఈయనను ఇట్లే విడిచిపెట్టినయెడల అందరు ఆయనను నమ్ముదురు, అప్పుడు రోమావారు వచ్చి మన ఆలయమును మన జనమును తీసివేయుదురు. ఈ భయము వట్టి నటన అని మనము బోధించుచుందుము. అది సరి కాదు. క్రీ.పూ. 4లో పస్కాపండుగ సమయమున అర్కెలాయు తన సైన్యమును యెరూషలేములోనికి పంపి దాదాపు 3,000 మందిని చంపించెనని జోసీఫసు వ్రాసెను. పిలాతు దేవాలయపు ధనము తీసి నీటి కాలువ కట్టించెను. జనులు కూడి కేకలు వేయగా, మామూలు బట్టలు కట్టిన సైనికులను వారి నడుమ నిలిపి దుడ్డుకఱ్ఱలతో కొట్టించెను. గలిలయుల రక్తమును వారి బలులతో పిలాతు కలిపినట్లు లూకా 13వ అధ్యాయములో ఉన్నది. పండుగ దినములలో యెరూషలేము ఎండుగడ్డి వామి వంటిది. ఒక్క నిప్పురవ్వ చాలును.

కాబట్టి కయప భయమునకు కారణము లేకపోలేదు. అతని పాపము భయపడుటలో లేదు. ఆ భయమునకు వేసిన లెక్కలో ఉన్నది. జనమంతయు నశించుటకంటె ఒక్క మనుష్యుడు చచ్చుట మేలని అతడు సభకు చెప్పెను. ఆ మనుష్యుడు దోషియా నిర్దోషియా అని అతడు అడుగలేదు. ఎంత నష్టము, ఎంత లాభము అని మాత్రమే చూచెను. దేవుని పేరు మీద కూడిన సభలో దేవుని చిత్తమేమిటని ఒకడైనను అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు.

ఈ లెక్కలో ధనమును కలిసియున్నది. ఇరువది యేండ్లు దాటిన ప్రతి యూదుడు ఏటేట అర షెకెలు దేవాలయమునకు చెల్లింపవలెను. దూరదేశములలోని యూదులును పంపెడివారు. మంచి వెండి గల తూరు నాణెములలో దానిని చెల్లించుట వాడుక. వాటి మీద తూరువారు కొలుచు దేవుని తల ముద్రింపబడియున్నను, వెండి మంచిది గనుక అవి చెల్లెను. అందుకే రూకలు మార్చువారి బల్లలు ఆవరణములో వెలసెను. ప్రభువు ఆ బల్లలను పడద్రోసినప్పుడు చెదరినవి చిల్లర రూకలు మాత్రమే కావు. ఆలయమును నడుపువారి జీవనాధారమును ఆయన ముట్టెను. ఆ పిమ్మటనే ప్రధానయాజకులును శాస్త్రులును ఆయనను సంహరించు ఉపాయము వెదకిరని మార్కు చెప్పుచున్నాడు.

ఆ ధనాపేక్ష తరువాత ఎంత దూరము పోయెనో చూడుడి. ప్రభువు తరువాత ఒక తరమునకు, ప్రధానయాజకుల దాసులు కళ్లముల మీదికి పోయి, యాజకులకు రావలసిన దశమభాగములను బలవంతముగా ఎత్తుకొనిపోయిరనియు, పేద యాజకులు తిండి లేక చనిపోయిరనియు జోసీఫసు వ్రాసెను. రైతు సోదరులారా, కళ్లములో కుప్పగానున్న ధాన్యము నిలువునా పోవుట ఎట్టిదో మీకు ఎవరును చెప్పనక్కరలేదు.

ముప్పది నాణెములు

ఇప్పుడు ఇస్కరియోతు యూదాను చూతము. అతడు బయటివాడు కాడు. పండ్రెండుమందిలో ఒకడు. సంచి అతనియొద్దనే ఉండెను. నమ్మకము లేనివాని చేతికి ఎవరును డబ్బు సంచి ఇయ్యరు గదా! కడపటి రాత్రి అతడు లేచి బయటికి పోయినప్పుడు సయితము, పండుగకు కావలసినవి కొనుటకో, బీదలకు ఇచ్చుటకో పోవుచున్నాడని మిగిలినవారు అనుకొనిరి. అంత మంచి పేరు గలవాడు.

అతడు పుచ్చుకొన్న 30 వెండి నాణెములు తూరు షెకెలులని చాలమంది పండితులు తలంచుచున్నారు. ఆ లెక్కన ఒక్కొక్క షెకెలునకు నాలుగు దేనారములు. మొత్తము 120 దేనారములు. ద్రాక్షతోట ఉపమానములో దినమునకు ఒక దేనారము కూలి. విశ్రాంతిదినము తీసివేసి వారమునకు ఆరు దినములు పని చేయు కూలివాని 20 వారముల సంపాదన అది. కొద్ది దినముల ముందు బేతనియలో మరియ ప్రభువు పాదములకు పూసిన అత్తరు 300 దేనారములకు అమ్మవచ్చునని యూదాయే విలువ కట్టెను. ఒక స్త్రీ ప్రేమచేత ఒక్క గడియలో కుమ్మరించినదానిలో సగమునకైనను సరిపోని వెలకు అతడు తన గురువును అమ్మెను. నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దు పొడిచి చంపిన దాసుని నిమిత్తము యజమానునికి చెల్లింపవలసిన పరిహారమును ముప్పది తులముల వెండియే.

డబ్బుకే చేసెనా? ఇంకేదైన ఆశాభంగము కూడ ఉండెనా? సువార్తికులు అతనిలో సాతాను ప్రవేశించెనని చెప్పి, అంతకు మించి అతని హృదయమును విప్పి చూపలేదు. మనమును విప్పబోవక, వ్రాయబడినదానియొద్ద ఆగుదము. వ్రాయబడినదే మనకు చాలినంత భయము కలిగింపగలదు. ప్రభువు అతని పాదములను కడిగెను. తన చేతి ముక్కను అతనికి ఇచ్చెను. మన దేశములో ఒకరి ఉప్పు తిని వారికి కీడు చేయుట ఎంత నీచమో అందరికిని తెలియును. ఆ రాత్రి అదే జరిగెను.

అయితే నన్ను మిక్కిలి కలవరపరచునది ఆ తరువాతి సంగతి. ప్రభువునకు శిక్ష విధింపబడుట చూచి యూదా పశ్చాత్తాపపడెను. నిరపరాధిని అప్పగించితినని ఒప్పుకొనెను. ఎవరియొద్ద ఒప్పుకొనెను? యాజకులయొద్ద. పాపము చేసినవాడు బలి పట్టుకొని యాజకునియొద్దకు రావలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. పాపమొప్పుకొను మనుష్యుని చేర్చుకొనుటకే గదా యాజకుడున్నది! గాని వారు దానితో మాకేమి పని అన్నట్లు అతనిని త్రోసివేసిరి. అతడు ఆ వెండిని దేవాలయములో పారవేసి వెళ్లి ఉరివేసికొనెను. అప్పుడు ఆ యాజకులు వంగి, ఆ నాణెములు ఏరుకొని, ఇది రక్తపు వెల గనుక కానుకపెట్టెలో వేయుట ధర్మము కాదని విచారించి, పరదేశులను పాతిపెట్టుటకు కుమ్మరి పొలము కొనిరి. నాణెముల విషయమై అంత శ్రద్ధ, మనుష్యుని విషయమై అంత నిర్లక్ష్యము! సేవకులమైన మేము ఈ భాగమును మోకాళ్లమీద చదువవలెను.

అందరును కారు

ఆ కాలపు యూదులందరును ఒక్క త్రాటిమీద నడిచినవారు కారు. ప్రధానయాజకులు ఎక్కువగా సద్దూకయ్యుల పక్షమువారు. పునరుత్థానము లేదని చెప్పెడివారు. అధికారము, ఆలయము వారి చేతిలో నుండెను. పరిసయ్యులు ఊళ్లలో, సమాజమందిరములలో జనులకు బోధించెడివారు. వారు ప్రభువుతో గట్టిగా వాదించిరి. ఆయనయు వారిని గట్టిగా గద్దించెను. అయినను హేరోదు చంపగోరుచున్నాడు, ఇక్కడనుండి వెళ్లుమని ప్రభువును హెచ్చరించినవారు కొందరు పరిసయ్యులే.

మనుష్యుని మాట వినకుండ తీర్పు తీర్చవచ్చునా అని మహాసభవారిని అడిగిన నీకొదేము పరిసయ్యుడు. ఆ సభలో సభ్యుడైన అరిమతయియ యోసేపు వారి ఆలోచనకు సమ్మతింపలేదని లూకా స్పష్టముగా వ్రాసెను. యాజకులు ప్రభువును పండుగలో పట్టుకొనుటకు ఎందుకు జంకిరి? ప్రజలకు భయపడి. అనగా ఆ ప్రజలు, ఆ యూదులు, ప్రభువును ప్రేమించుచుండిరి. పిలాతు ముంగిట కేకలు వేసినది ఆ ఉదయమున అక్కడ కూడిన గుంపు. ఆయన వెంట రొమ్ము కొట్టుకొనుచు ఏడ్చుచు వెళ్లిన స్త్రీలును యూదులే. తరువాత విశ్వాసమునకు లోబడిన యాజకులు అనేకులని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చెప్పుచున్నది. పేతురును మిగిలినవారిని చంపవలెనని సభవారు చూచినప్పుడు అడ్డుపడిన గమలీయేలును పరిసయ్యుడే.

మరియొక సాక్ష్యము బైబిలు వెలుపలనుండి చెప్పెదను. క్రీ.శ. 62లో అన్న కుమారుడైన మరియొక అన్న ప్రధానయాజకుడై, అధిపతి లేని సమయము చూచి, ప్రభువు సహోదరుడైన యాకోబును రాళ్లతో కొట్టించెను. అప్పుడు ఫిర్యాదు చేసినది ఎవరు? యెరూషలేములో ధర్మశాస్త్రము విషయమై మిక్కిలి నిష్ఠగల యూదులే. వారి ఫిర్యాదువలన అగ్రిప్ప రాజు ఆ అన్నను మూడు నెలలకే పదవినుండి తీసివేసెను. క్రైస్తవుడైన యాకోబు పక్షమున నిలిచిన ఆ యూదుల పేర్లు మనకు తెలియవు. గాని వారి న్యాయము దేవుని యెదుట జ్ఞాపకముగా నున్నది.

సంఘము చేసిన పాపము

ఇంత స్పష్టముగా నుండగా సంఘము చాల కాలము ఈ భేదమును మరచెను. కొందరు పెద్దలు చేసిన నేరమును జనమంతటి మీద, వారి పిల్లల పిల్లల మీద మోపెను. క్రీ.శ. 386, 387 సంవత్సరములలో అంతియొకయలో యోహాను క్రిసొస్తొము వంటి గొప్ప బోధకుడే యూదులను దూషించుచు ప్రసంగములు చేసెను. 1096లో సిలువ గురుతు బట్టలమీద కుట్టుకొని బయలుదేరిన గుంపులు జర్మనీ దేశపు రైను నది తీరమున వర్మ్సు, మైంజు పట్టణములలో యూదులను ఊచకోత కోసిరి. 1349లో మహామారి వచ్చినప్పుడు, బావులలో విషము కలిపిరను అబద్ధపు నింద మోపి స్ట్రాస్‌బర్గులో యూదులను సజీవదహనము చేసిరి. 1492లో స్పెయిను వారిని దేశమునుండి వెళ్లగొట్టెను. 1543లో మార్టిన్ లూథరు తన వార్ధక్యమున వారి సమాజమందిరములను కాల్చవలెనని వ్రాసెను. చివరకు మన తాతల కాలమున, రెండవ ప్రపంచ యుద్ధములో, హిట్లరు ప్రభుత్వము దాదాపు 60 లక్షలమంది యూదులను చంపెను. హిట్లరు నడిపినది క్రీస్తు మార్గము కాదు. అయినను వందల సంవత్సరములు ప్రసంగపీఠములనుండి చల్లిన ద్వేషపు విత్తనములు ఆ నేలలోనే యుండెనని ఒప్పుకొనక తప్పదు.

దేవునికి స్తోత్రము, సంఘము పశ్చాత్తాపపడుటయు చరిత్రలోనిదే. 1965 అక్టోబరు 28న రోమను కతోలిక సభ, ప్రభువు మరణదోషమును ఆనాటి యూదులందరిమీదను గాని, ఈనాటి యూదులమీదను గాని మోపకూడదని వతికాను మహాసభలో ప్రకటించెను. గుంటూరు ప్రాంతమునకు 1842లో హయ్యరు అయ్యగారిని పంపిన అమెరికా లూథరను సంఘముల వారసులు 1994లో, యూదులను గూర్చి లూథరు వ్రాసిన ఆ వ్రాతలను బహిరంగముగా త్రోసివేసిరి. సువార్త మనకు ఏ త్రోవన వచ్చెనో ఆ త్రోవలోనే ఈ పశ్చాత్తాపమును వచ్చినది. సువార్తను పుచ్చుకొని, పశ్చాత్తాపమును పుచ్చుకొనకుండుట మనకు తగదు.

మన బల్లయొద్ద కయప

యూదులను నిందించుట ఎందుకంత సులభము? నిందించునంతసేపు మనలను మనము చూచుకొననక్కరలేదు గనుక. కయప అన్యుడు కాడు, నాస్తికుడు కాడు. లేఖనములు తెలిసిన సేవకుడు, ఆలయపు పెద్ద. ఈ దినమున అతనికి సరిసమానుడైనవాడు నేను. మన సంఘపు పెద్దలు. ఒక సంగతి సిగ్గుతో ఒప్పుకొనుచున్నాను.

ఇరువది యేండ్ల క్రిందట నేనొక పల్లెలో సేవ చేయుచుంటిని. కోతపండుగ కానుకలు వేలము వేయగా వచ్చిన సొమ్మునకు లెక్క చెప్పుడని ఒక కూలిమనిషి సంఘములో లేచి అడిగెను. ఒకసారి కాదు, మూడు వారములు అడిగెను. పెద్దలు నా యింట కూడి, "వీడొక్కడు ఉంటే సంఘం రెండు ముక్కలవుతుంది, అయ్యగారూ. కోర్టుల దాకా పోతుంది" అనిరి. సంఘపు సమాధానము కొరకు అని నాకు నేను చెప్పుకొని, అతనిని ప్రభురాత్రి భోజనమునుండి వెలివేయు తీర్మానము మీద నేను చేవ్రాలు చేసితిని. అతడు అడిగినది నిజమా అని నేను విచారింపలేదు. ఆ మనుష్యుడు రెండేండ్లు గుడి బయట వేపచెట్టు క్రింద కూర్చుండి ఆరాధన వినెను. తరువాత లెక్కలు బయటపడెను. సొమ్ము పెద్దలలో ఒకని వడ్డీ వ్యాపారములో తిరుగుచుండెను. నేను అతని యింటికి పోయి క్షమాపణ అడిగితిని. అతడు లేచి, నాకు మంచము వేసి, "లెక్క అడిగాను గానీ, అయ్యగారూ, దేవుణ్ణి కాదనలేదు గదా" అనెను. అతడు నన్ను క్షమించెను. అతని కుమారుడు మాత్రము ఆనాటినుండి నేటివరకు గుడి గడప త్రొక్కలేదు. ఆ పిల్లవాడు నిమిత్తము నేను లెక్క చెప్పవలసిన దినమొకటి ఉన్నది.

ఒక్కడు పోయిన నష్టములేదు, సంఘము నిలిచిన చాలును అని నేను అనుకొన్న ఆ రాత్రి, యెరూషలేములో కయప వేసిన లెక్కయే నా యింటి దీపము క్రింద వేయబడెను. చదువరులారా, మీ సంఘములో బీదవాడు లెక్క అడిగినప్పుడు, విధవరాలు తన స్థలము కొరకు మొఱ్ఱపెట్టినప్పుడు, యౌవనస్థుడు పెద్దల తప్పు చూపినప్పుడు, సమాధానము అను పేరుతో వారి నోరు మూయుచున్నారేమో చూచుకొనుడి. నిజమును బయటికి గెంటి తెచ్చుకొనిన సమాధానము నిలువదు.

కయప తెచ్చుకొనిన సమాధానము నిలిచెనా? పిలాతు పదవి పోయిన కాలముననే సిరియా అధిపతి వితెల్లి కయపను తొలగించెను. ఆ యాజక వస్త్రములను కోటనుండి తెప్పించి మరల యూదుల చేతికిచ్చినవాడును ఆ వితెల్లియే. క్రీ.శ. 70లో రోమావారు వచ్చి, కయప ఏ ఆలయమును కాపాడనెంచెనో ఆ ఆలయమును కాల్చివేసిరి. ఒక్కని చంపి జనమును కాపాడుదుననిన లెక్క నలువది యేండ్లకే తప్పెను. 1990 నవంబరులో యెరూషలేమునకు దక్షిణమున ఉద్యానవనపు పని చేయుచుండగా ఒక సమాధిగుహ బయటపడెను. అందులో చక్కని చెక్కడపు పనిగల ఎముకల రాతిపెట్టె మీద కయప కుమారుడైన యోసేపు అను పేరు గీయబడియున్నది. లోపలనున్న ఎముకలలో దాదాపు 60 ఏండ్ల మనుష్యునివి కలవు. కొందరు సందేహించినను, అది ఆ ప్రధానయాజకునిదే అని చాలమంది పండితుల తలంపు. అంత అధికారము, అంత ఉపాయము, చివరకు ఒక చిన్న రాతిపెట్టెలో ఇమిడెను. అతడు అప్పగించినవాని సమాధి మాత్రము ఖాళీ!

చివరి అప్పగింత

మొదట చెప్పిన మాటకు తిరిగి వచ్చుచున్నాను. యూదా అప్పగించెను, యాజకులు అప్పగించిరి, పిలాతు అప్పగించెను. అంతటితో గొలుసు ముగిసినట్లయితే ఇది దుఃఖకరమైన కథ మాత్రమే. గాని పౌలు రోమీయులకు వ్రాయుచు, తండ్రియైన దేవుడే తన సొంత కుమారుని మనకొరకు అప్పగించెనని చెప్పుటకు ఆ మాటనే వాడెను. గలతీయులకు వ్రాయుచు, కుమారుడే ప్రేమించి తన్ను తాను అప్పగించుకొనెనని చెప్పెను. మనుష్యులు ద్వేషముచేత, భయముచేత, ధనాశచేత చేసిన అప్పగింతల క్రింద, దేవుడు ప్రేమచేత చేసిన అప్పగింత ఉండెను. పెండ్లి పందిటిలో తండ్రి కన్నీళ్లు చూచిన మీకు ఈ మాట బరువు తెలియును. కయప సయితము తనకు తెలియకయే ప్రవచించెనని యోహాను చెప్పినది ఇందుకే. ఒక్కడు అందరికొరకు చనిపోవుట నిజముగా మేలాయెను. అయితే ఆ మేలు కయప లెక్కలో నుండి రాలేదు. తండ్రి హృదయములో నుండి వచ్చెను.

ఆ రాత్రి తప్పిపోయినవారు ఇద్దరు. ఒకడు అప్పగించెను, ఒకడు ముమ్మారు బొంకెను. యూదా తన దుఃఖమును పట్టుకొని యాజకులయొద్దకు పోయెను. వారు తలుపు మూసిరి. పేతురు ఏడ్చుచు నిలిచెను. లేచిన ప్రభువు అతనిని వెదకి కలిసికొనెను. మీలో ఎవరైన యూదావలె గుండె పగిలియున్నయెడల, నా వంటి సేవకులు మీకు తలుపు మూసియున్నయెడల, దయచేసి అక్కడనే ఆగిపోకుడి. ఇంకొక అడుగు వేసి సిలువయొద్దకు రండి. ఆయన ఎవరిని బయటికి త్రోసివేయడు.

వచ్చు శుభ శుక్రవారమున మన గుడులలో, యూదులు చంపిరని చెప్పుట మానుదము. ఆ బల్లయొద్ద ప్రభువు, మీలో ఒకడు నన్ను అప్పగించునని చెప్పినప్పుడు శిష్యులలో ఎవరును ప్రక్కవాని వైపు వ్రేలు చూపలేదు; ప్రతివాడు తన్ను గూర్చియే అడిగెను. మనమును అట్లే అడుగుదము. అడిగిన తరువాత, బయట చెట్టు క్రింద ఎవరైన కూర్చుండియున్నారేమో చూచి, లేచి వెళ్లి లోపలికి పిలుచుకొని వత్తము. ప్రభువు ఆ కృప మనకందరికి దయచేయును గాక. ఆమేన్.